మామూలు మడి

మా నాన్న నన్నొక మడి అనుకున్నాడు. మాటవరసకి కాదు, నిజంగానే అనుకున్నాడు. మడికి పెట్టే రేకు బోర్డు కూడా పెట్టాడు. పసుపు రంగు మీద నల్ల అక్షరాలతో ‘మామూలు మడి’ అని రాసివున్న ఆ బోర్డు, నేను చదువుకునే ధాన్యపు కొట్టు తలుపుకి ఆరు నెలలు వేలాడింది. అమ్మ దాని మేకుకే పాలగుడ్డ ఆరేసేది. చుట్టాలొస్తే నాన్న వాళ్లని కొట్టు దాకా తీసుకొచ్చి, తలుపు కొంచెం తీసి, నన్ను చూపించి, మళ్లీ మూసేసేవాడు.

ఈ బోర్డు మా ఇంటికొచ్చింది అరవైల చివర్లో. మాది రేపల్లె పక్కన నగరం అనే ఊరి దగ్గర పల్లె. అప్పటికి నేనూ, నాతో పాటే పుట్టిన తమ్ముడూ చిన్న క్లాసుల్లో ఉన్నాం. వాడు నాకంటే పావుగంట చిన్న. ఆ పావుగంట పెద్దరికం నేను ఇప్పటికీ వదల్లేదు. ఆ రోజుల్లో బాపట్ల నుంచి వ్యవసాయ ఆఫీసరు ఒకాయన జీపులో వచ్చి, ఐ.ఆర్. ఎనిమిది అనే కొత్త వరి వెయ్యమని ఊరందరికీ చెప్పాడు. మోకాలెత్తు పైరుకి గడ్డెక్కడిది, గేదెలకేం వేస్తామని ఊరు నవ్వింది. ఆయన వాదించలేదు. ఎవరైనా పక్కపక్కన రెండు మళ్లివ్వండి అన్నాడు. ఒకదాంట్లో కొత్త విత్తనం, రెండోదాంట్లో మీరు ఎప్పుడూ వేసే అక్కుళ్ల వరి. ఒకే రోజు నాట్లు, ఒకే కాలవ నీళ్లు. గట్టు మాత్రం గట్టిగా ఉండాలి, ఒక మడి నీళ్లు రెండో మడిలోకి ఊరకూడదు. ఏ మడికి ఏ విత్తనమో చీటీ వేసి తేల్చాలి, లేకపోతే రైతు తన మనసుకి నచ్చినదానికి మంచి మడి ఇచ్చేస్తాడు. కోతల నాడు మీ కళ్లతో మీరే చూసుకోండి.

నాన్న ఇచ్చాడు. ఒక మడికి ‘ప్రదర్శన మడి’, రెండోదానికి ‘మామూలు మడి’ అని రేకు బోర్డులు పాతారు. కోతల నాడు కొత్త విత్తనం అక్కుళ్లని చిత్తుగా ఓడించింది. మరుసటేడు ఊరంతా అదే వేసింది. ఆఫీసరు పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో మా ముందుగదిలోకి వచ్చింది. బోర్డులు రెండూ అటకెక్కాయి.

ఇక ఆ రోజు నుంచీ మా నాన్నకి లోకంలో తేలని తగువంటూ లేకుండా పోయింది. దేనికైనా రెండు మళ్లే. నువ్వుల నూనె ఆవకాయ ఒక జాడీ, వేరుశెనగ నూనెది ఒక జాడీ, రెంటికీ మధ్య ఇటుక. మోకాళ్ల నొప్పులొస్తే రేపల్లె డాక్టరిచ్చిన తైలం ఎడమ మోకాలికి, తెనాలి వైద్యుడిచ్చింది కుడి మోకాలికి. నెల తర్వాత రెండూ ఒకేలా నొప్పి పుడుతున్నాయని తేల్చి, రెండు సీసాలూ గేదె కాళ్లకి పూశాడు.

డెబ్భైలు సగం గడిచేసరికి మేమిద్దరం రేపల్లెలో ఇంటర్ పూర్తి చేశాం. డాక్టరు చదువుకి ఎంట్రన్సు పరీక్ష అనేది అప్పుడప్పుడే మొదలైంది. అందులో ఏం అడుగుతారో చెప్పేవాళ్లు లేరు, చెప్పినా నమ్మేవాళ్లు లేరు. ఇద్దరం రాశాం, ఇద్దరికీ రాలేదు. తమ్ముడు ఆ సంగతి మధ్యాహ్నం భోజనానికల్లా మర్చిపోయాడు. నేను మర్చిపోలేకపోయాను.

నాకు డాక్టరు కావాలని ఎందుకుండేదో దాచకుండా చెప్పాలి. జనాన్ని ఉద్ధరిద్దామని కాదు. ఒకసారి నాన్నకి పంటినొప్పి, జ్వరం కలిసి వస్తే రేపల్లె ఆస్పత్రికి తీసుకెళ్లాం. అక్కడ కుర్చీలో మా పిన్ని వయసు డాక్టరమ్మ ఉంది. “నోరు తెరవండి” అంది. నాన్న తెరిచాడు. “మాట్లాడకండి” అంది. నాన్న మాట్లాడలేదు. మా ఇంట్లో ఏ ఆడదీ సాధించలేనిది ఆవిడ రెండు ముక్కల్లో సాధించింది. ఆ కుర్చీ నాకు కావాలనిపించింది. అంతకంటే గొప్ప కారణం నాకు లేదు.

మళ్లీ ఏడాది రాయాలి. ఎలా చదవాలన్న దగ్గర నాన్న ఇరుక్కుపోయాడు. తెనాలిలో ఒక ట్యుటోరియల్ ఉండేది. మెట్రిక్ తప్పినవాళ్లని గట్టెక్కించే చోటు. కొత్త పరీక్ష రాగానే వాళ్లు పాత బోర్డు మీదే సున్నం కొట్టి ‘మెడికల్ ఎంట్రన్స్ కోచింగ్’ అని రాశారు. ఎండ పడితే కింద ‘మెట్రిక్ ఫెయిలైన వారికి’ అన్న అక్షరాలు తేలేవి. కోచింగ్ లేకుండా సీటు రాదని అక్కడి మాస్టారు చెప్పాడు. మా పక్క వీధిలో మిషన్ స్కూల్లో పనిచేసి రిటైరైన హెడ్మాస్టరు గారు ఉండేవారు. ఆయన మాట దీనికి సరిగ్గా ఎదురు.

“చదువు ఒకరు పోసేది కాదండి, ఎవరికి వాళ్లు తోడుకునేది. పుస్తకాలు నేనిస్తాను, ఇంట్లో కూర్చోబెట్టండి,” అన్నారు.

నాన్న రెండు రోజులు పొలం గట్ల మీద తిరిగాడు. మూడో రోజు పొద్దున పళ్లు తోముకుంటూ, పెరట్లో బావి దగ్గరున్న మా ఇద్దరినీ అదోలా చూశాడు. ఒకే విత్తనం. ఒకే నారుమడి. ఒకే రోజు నాటు. నోట్లో వేపపుల్ల అలాగే ఉండగా అటక దగ్గరికి వెళ్లి నిచ్చెన వేశాడు.

‘ప్రదర్శన మడి’ బోర్డు తమ్ముడి ట్రంకుపెట్టెకి తగిలించాడు. వాడు తెనాలిలో కోచింగ్‌కి వెళ్తాడు, ఆ పక్కనే అంగలకుదురులో పిన్ని ఇంట్లో ఉంటాడు. ‘మామూలు మడి’ నాకు. ఎరువు లేదు, మందు లేదు, హెడ్మాస్టరు గారి పాత పుస్తకాలు, ధాన్యపు కొట్టు.

“నన్నెందుకు పంపవు తెనాలి?” అని అమ్మతో అన్నాను. నాన్నతో అనలేదు.

“మగపిల్లాడు బస్సెక్కి పోగలడు, నువ్వెట్టా పోతావు,” అంది అమ్మ, అది తన మాట కానట్టు.

అన్నీ ఆఫీసరు చెప్పినట్టే చేసే మనిషి ఈ ఒక్కచోట చీటీలు వెయ్యలేదు. నాకు ఆ రోజే గుర్తుకొచ్చింది, ఆయనకి గుర్తుకు రాలేదు. కొట్టులో కూర్చుని బస్తాల మీద గోళ్లతో గీతలు గీసుకుంటూ ఏడ్చాను. అది దుఃఖం కాదు, ఒళ్లు మంట.

గట్టు కట్టడంలో నాన్న ఏ లోపం చెయ్యలేదు. తమ్ముడు తెనాలి నుంచి నోట్సు తేకూడదు. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున వెళ్లేలోపు మేమిద్దరం పాఠాల ఊసెత్తకూడదు. పైరు ఎత్తు వారం వారం కొలిచినట్టు మమ్మల్నీ కొలవాలి కదా, దానికి ట్యుటోరియల్ మాస్టారితో ఒప్పందం చేసుకున్నాడు. ఆయన ప్రతి శనివారం ప్రశ్నల కాగితాలు రెండు కవరులో పెట్టి అతికించి తమ్ముడికిస్తాడు. ఆదివారం పొద్దున మా వసారాలో ఆ చివర వాడు, ఈ చివర నేను కూర్చుని రాస్తాం. మధ్యలో బల్ల మీద అలారం గడియారం పెట్టుకుని నాన్న. సోమవారం రెండు జవాబు పత్రాలూ తెనాలి వెళ్తాయి, మాస్టారు దిద్ది పంపిస్తాడు.

మొదటి నాలుగు వారాలు నేను గెలిచాను.

నాకు అరవైలు, తమ్ముడికి ఇరవైలు. అందులో నా గొప్ప తక్కువ. కవరు ఇచ్చిపుచ్చుకోవడానికి తప్ప తమ్ముడు కోచింగ్ గుమ్మం తొక్కితే కదా. ఫీజు ముందే ముట్టింది కనక మాస్టారూ అడగలేదు. ట్యుటోరియల్ పక్కనే ఆయిల్ ఇంజన్లు బాగుచేసే వర్క్‌షాపు ఉంది. మొదటి రోజు దారి అడుగుదామని అందులోకి వెళ్లినవాడు అక్కడే ఉండిపోయాడు. శనివారం ఇంటికొస్తే అమ్మ కుంకుడుకాయ రసంతో వాడి గోళ్లు తోమేది. కోచింగ్‌లో ఇంత మసి ఏంటిరా అంటే, నల్లబల్ల తుడుస్తున్నాననేవాడు.

నాలుగో వారం మార్కులు చూసి నాన్న గడ్డం గోక్కున్నాడు. “ఎరువేసిన మడే గిడసబారుతోంది. ఇంకో నెల చూసి వీణ్ణి వెనక్కి పిలిపిస్తా,” అన్నాడు.

ఆ సాయంత్రం తమ్ముడు పాక వెనక్కి పిలిచాడు నన్ను.

“నువ్వు కొంచెం తక్కువ రాయవే. నన్ను పిలిపించేస్తాడు.”

“నేనెందుకు తక్కువ రాయాలి?”

“నువ్వు గెలిస్తే ఏమవుద్ది? నేనూ వచ్చి ఈ కొట్టులో కూర్చుంటా. నేను గెలిస్తే ఏమవుద్ది? ఐ.ఆర్. ఎనిమిది గెలిచాక నాన్నేం చేశాడు?”

నాకు వెలిగింది. గెలిచిన విత్తనాన్ని మరుసటేడు పొలమంతా వేశాడు. కోచింగ్ గెలిస్తే నన్నూ కోచింగ్‌కి పంపిస్తాడు. తెనాలి. రైలు. పాఠం చెప్పే మనిషి. కొట్టులో ఎలుకలకి ఫిజిక్సు అప్పజెప్పాల్సిన పని లేదు. అంటే నేను తెనాలి చేరాలంటే నేను ఓడిపోవాలి. ఇంతకంటే చక్కటి లెక్క నాకు ఇంటర్‌లో తగల్లేదు. పద్దెనిమిదేళ్ల తెలివి అది.

చిక్కల్లా ఏంటంటే, తమ్ముడి ఇరవై మార్కుల కింద నేను ఓడాలంటే పెన్ను మూసుకుని కూర్చోవాలి. కాబట్టి వాడి జవాబులూ నేనే తయారు చెయ్యాలి. శనివారం వాడు రాగానే కవరు అమ్మ చేతికిచ్చేవాళ్లం. అన్నం గిన్నె మీద మూత తీస్తే వచ్చే ఆవిరికి బంక ఊడేది, మళ్లీ అతికించడానికి నాలుగు మెతుకులు చాలేవి. అమ్మకి అంతా తెలుసు. “మీరేం చేస్తున్నారో నాకొద్దు, నా అన్నం మాడనివ్వకండి,” అనేది.

సరైన జవాబులు చిన్న కాగితం మీద రాసి తమ్ముడికిచ్చేదాన్ని. వాడు ఆదివారం దాన్ని ప్రశ్నల కాగితం మడతలో పెట్టుకుని తన చేతిరాతలో దింపేవాడు. ఈ చివర నేను తప్పులు రాసేదాన్ని. మధ్యలో నాన్న వసారాలో ఈగని కూడా అటు నుంచి ఇటు రానివ్వకుండా కాపలా కాసేవాడు. గట్టు కాశాడే కానీ, పైన తూము తెరిచే ఉందని ఆయనకి తట్టలేదు.

సరైన జవాబుకి పుస్తకం చాలు. తప్పు రాయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఏదో ఒకటి గీకేస్తే మాస్టారు అనుమానిస్తాడు. ఒళ్లు దాచుకోకుండా చదివి, చెప్పే దిక్కు లేక దారి తప్పిన పిల్ల రాసే తప్పు రాయాలి. పిత్తరసం ఎక్కడ తయారవుతుందంటే ‘కాలేయం’ అని తమ్ముడికి రాసిచ్చి, నా కాగితంలో ‘పిత్తాశయం’ అని రాసేదాన్ని. అది తప్పే. కానీ ఆ పేరు విని ఎవరైనా పడే తప్పు. కప్ప ఎర్రరక్తకణంలో కేంద్రకం ఉంటుంది, మనిషి దాంట్లో ఉండదు. నేను రెంటిలోనూ పెట్టేదాన్ని. దానికి కారణం కూడా రెండు వాక్యాల్లో నమ్మేట్టుగా రాసేదాన్ని. ఒక్క నమ్మదగ్గ తప్పు కోసం హెడ్మాస్టరు గారి పుస్తకాల్లో పాఠమంతా తిరగెయ్యాలి. ఇది ఎవరికి ఎక్కడ తికమక పెడుతుంది, ఎందుకు పెడుతుంది అని చూసుకోవాలి. శనివారం ఒక్క సాయంత్రంలో అయ్యే పని కాదని, వారమంతా ముందుగానే తప్పులు సిద్ధం చేసుకుని పెట్టుకునేదాన్ని. ఊరగాయల కంటే శ్రద్ధగా పెట్టాను వాటిని.

మాస్టారు నా పత్రాల మీద ఎర్రసిరాతో రాసేవాడు. ‘శ్రద్ధ ఉంది, మార్గం లేదు.’ ఇంకో వారం, ‘కోచింగ్ తప్పనిసరి.’ తమ్ముడి పత్రాల మీద ‘భేష్’ అని ఉండేది. ఆ భేష్ చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. నా భేష్ అది.

కోతలై కుప్పలు వేశాక నాన్న తీర్పు చెప్పాడు. వసారాలో ఊరి రైతులు ఏడెనిమిది మంది, హెడ్మాస్టరు గారు. నారు వేరు పట్టని రోజులని మొదటి నాలుగు వారాలవి పక్కన తీసేసి, మిగతా పత్రాలు రెండు కట్టలుగా బల్ల మీద పెట్టాడు. ప్రదర్శన మడికి ఎనభైకి తగ్గలేదు, మామూలు మడికి ముప్ఫైలు దాటలేదు. హెడ్మాస్టరు గారు నా వైపు చూడకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయారు. అది నాకు బాధ కలిగించింది. అయినా తెనాలి కళ్ల ముందుంది కనక ఓర్చుకున్నాను.

అందరూ వెళ్లాక అడిగాను. “నన్నెప్పుడు పంపుతున్నావు నాన్నా?”

“ఎక్కడికి?”

“తెనాలికి.”

నాన్న నన్ను జాలిగా చూశాడు. “కంకి పట్టే వేళకి పీకి ఇంకో మళ్లో నాటితే ఏమవుద్దమ్మాయ్? చస్తది. నీ సీజను అయిపోయింది. దరఖాస్తు వాడికి పెడదాం. నీకు బాపట్లలో టీచర్ ట్రైనింగు ఉంది, కాగితాలు తెప్పించాను.”

ఐ.ఆర్. ఎనిమిది గెలిచాక పొలమంతా వేశాడన్నది మాకు గుర్తుంది. ఓడిన అక్కుళ్లని ఏం చేశాడో మేమిద్దరం ఆలోచించలేదు.

టీచర్ ట్రైనింగంటే నాకు చిన్నచూపు లేదు. నాకు అక్షరం నేర్పినవాళ్లంతా అలా చదువుకున్నవాళ్లే. కానీ ఆ క్షణాన నాకు రేపల్లె ఆస్పత్రిలో కుర్చీ కనిపించింది, అందులో తమ్ముడు మసి గోళ్లతో కూర్చుని ఉన్నాడు. ఆరు నెలలు పుస్తకం నమిలి మింగినదాన్ని నేను. నా చేత్తో నన్నే పాతిపెట్టుకున్నాను. అన్నం సహించలేదు. తమ్ముడిని కొట్టాలనిపించింది, కొట్టాను కూడా.

మరుసటి పొద్దున వాడే వచ్చాడు. “చెప్పెయ్,” అన్నాడు. “అక్కడ పరీక్షలో చీటీ ఎవరిస్తారు నాకు. ఎటూ దొరికిపోతా. నీ చదువన్నా మిగలనీ.”

వాడి మీద నాకున్న కోపమంతా అక్కడితో పోయింది. నన్ను ఇందులోకి దింపిందీ వాడే, బయటికి లాగిందీ వాడే.

నాన్న పొలంలో ఉన్నాడు. కోసిన వరి మోళ్ల మధ్య మినుము మొలకెత్తి రెండాకుల మీదుంది. గట్టు మీద కూర్చున్నాడు. నేను నిలబడి అంతా చెప్పాను. ఆవిరి సంగతి కూడా చెప్పాను, అమ్మ పేరు మాత్రం తీయలేదు. మా ఇంట్లో అన్నం ఇంకెవరు వండుతారో ఆయనకి తెలుసు.

నాన్న మినుము మొలకల మధ్య గడ్డిపోచ ఒకటి పీకి గట్టవతల పడేశాడు. తర్వాత, “ఓడిన మడికి నోరుంటే అదీ ఇట్టాగే చెబుద్ది,” అన్నాడు.

నమ్మలేదు. దీనికి నేను సిద్ధంగా లేను. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. అబద్ధం చెప్పినప్పుడు ఇరవై వారాలు నమ్మిన మనిషి నిజం చెబితే నమ్మడేంటని ఏడుపొచ్చింది. ఇంటికి పరుగెత్తి నా పత్రాల కట్ట పట్టుకొచ్చి ఆయన ఒళ్లో పడేశాను.

“ఏదైనా తియ్యి. ఏ ప్రశ్నైనా అడుగు.”

నాన్నకి ఇంగ్లీషు రాదు. కాగితం తీసి ఎర్రసిరాతో కొట్టేసిన చోట వేలు పెట్టేవాడు. ఇది ఏ ప్రశ్న, నేనేం రాశాను, అది ఎందుకు తప్పు, సరైనదేంటి, నేనా తప్పే ఎందుకు ఎంచుకున్నాను, అన్నీ చెప్పాను. పిత్తం చెప్పాను, కప్ప నెత్తురు చెప్పాను. బొద్దింక చెప్పాను. ఎండ నడినెత్తికొచ్చింది. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదని నాకు తెలుస్తూనే ఉంది, కానీ ఆపలేదు. ఆపితే బాపట్ల.

ఒకచోట నాన్న చెయ్యి ఎత్తాడు. వినడం మానేసి, ప్రతి కాగితం పైనా ఉన్న మార్కులు చూసుకుంటూ పోతున్నాడు. ముప్ఫై ఒకటి. ముప్ఫై మూడు. ముప్ఫై రెండు. ముప్ఫై. ముప్ఫై రెండు. కట్ట చివరి దాకా చూసి మళ్లీ మొదటికొచ్చాడు.

“చౌడు మడైనా ఒక మూల పచ్చగుంటది. ఒక మూల అసలు మొలవదు. ఇన్ని వారాల్లో ఒక్కసారీ ఇరవైకి దిగలేదు, ఒక్కసారీ నలభైకి ఎక్కలేదు.” కాగితాలు మోకాలికేసి తట్టి సరిచేశాడు. “పాడైన పైరు ఇంత తీరుగా పాడవదు. ఇది చేత్తో చేసిన పని.”

నేను గట్టు మీద ఆయన పక్కన కూర్చున్నాను.

“నోరుందిగా నీకు,” అన్నాడు నాన్న. “తెనాలి పంపమని అడగొచ్చుగా.”

“నువ్వు బోర్డు పెట్టావు. బోర్డు పెట్టాక మడినెవరడుగుతారు?”

అన్నాక నాకే భయమేసింది. ఆయనకి జవాబు లేకపోవడం నేను చూడటం అది రెండోసారి, మొదటిసారి నోట్లో డాక్టరమ్మ పెట్టిన పుల్ల ఉంది. తర్వాత కాలవ పక్క మడిని చూపించాడు.

“అప్పుడు చీటీ వేస్తే కొత్త విత్తనానికి దీని పక్క చౌడు మడొచ్చింది. బాపట్ల నుంచి ఆయన అంత దూరం మోసుకొచ్చిన విత్తనం. మనింటికొచ్చినదానికి చౌడు మడి ఎట్టా ఇస్తాం? ఆఫీసరు మజ్జిగ తాగుతుంటే చీటీ మడిచి మళ్లీ తీశాను. రెండోసారి కాలవ మడొచ్చింది.”

ఊరంతా ఆ ప్రదర్శన చూసి విత్తనం మార్చింది. మా ముందుగదిలో ఫోటో ఉంది. ఇన్నేళ్లూ రెండు జాడీల మధ్య ఇటుక పెట్టిన మనిషి, మొదటి ప్రదర్శనలోనే ఇంటికొచ్చిన విత్తనానికి మర్యాద చేశాడు. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేక నవ్వాను. నాన్న కూడా నవ్వాడు, సిగ్గుపడుతూ.

తర్వాతి సంగతులు తొందరగా చెప్పేస్తాను. బోర్డులు రెండూ కోళ్లగూడు పైకప్పుకి పనికొచ్చాయి. నన్ను తెనాలి పంపుతానన్నాడు నాన్న, ఆ తప్పులు తయారు చెయ్యడంలోనే పాఠాలన్నీ వచ్చేశాయని నేనే వద్దన్నాను. కొట్టులో మిగిలిన నెలలు సరైన జవాబులు మాత్రమే రాశాను, అది సెలవులా ఉండేది. తమ్ముడు దరఖాస్తు పెట్టనే లేదు. నిజాంపట్నంలో మర పడవల ఇంజన్లు బాగుచేసే పనిలో చేరి ఒడ్డునే ఒక షెడ్డు వేసుకున్నాడు, చేపల వాసనతో తప్ప ఇంటికొచ్చేవాడు కాదు. నాకు గుంటూరులో సీటొచ్చింది. రాగానే తెనాలి ట్యుటోరియల్ వాళ్లు, వాళ్ల ప్రశ్నపత్రాలు రాసిన విద్యార్థిని అని నా సంగతి కరపత్రం మీద వేశారు. అబద్ధమనడానికి లేదు. హెడ్మాస్టరు గారు మాత్రం చదువు ఒకరు పోస్తే వచ్చేది కాదని ముందే చెప్పానని ఊరంతా తిరిగి చెప్పుకున్నారు. అదీ అబద్ధం కాదు. కోచింగా, సొంత చదువా అని ఇప్పటికీ నా దగ్గరికి పిల్లల్ని తీసుకొచ్చి అడుగుతారు. పిల్లల్ని తప్పులు రాయమని చెబితే వింతగా చూస్తారు కనక, నోరు తెరవమని గొంతు చూసి పంపించేస్తాను.

దరఖాస్తు పంపిన రోజు మాత్రం తొందరగా చెప్పేది కాదు.

రేపల్లె పోస్టాఫీసుకి నాన్నా నేనూ బస్సులో వెళ్లాం. రిజిస్టరు చేయించి, రసీదు నా చేతికిచ్చి, నాన్న అక్కడి బల్ల దగ్గర ఆగాడు. జిగురు సీసా పక్కన పడున్న కాగితం ముక్క తీసుకుని రెండుగా చింపాడు. ఒకదాని మీద ‘అమ్మాయి’ అని, రెండోదాని మీద ‘అబ్బాయి’ అని మెల్లగా, ఒత్తి రాశాడు. మడిచి దోసిట్లో వేసి కదిపాడు.

“ఇప్పుడెందుకు నాన్నా?”

“తెనాలికి ఎవరు పోవాల్సిందో. అప్పుడే వెయ్యాల్సింది. తప్పు నాది.”

ఒకటి తీశాడు. విప్పి చూసుకున్నాడు, నాకు చూపించలేదు. మళ్లీ అవే మడతల్లో మడిచి, దోసిట్లో పడేసి, ఈసారి ఎక్కువసేపు కదిపాడు. ఇంకోటి తీసి, విప్పి, నా ముందు పెట్టాడు.

‘అమ్మాయి.’

“చూశావా,” అన్నాడు. “నువ్వే పోవాల్సింది.”

మొదట ఎవరిదొచ్చిందని నేను అడగలేదు. బయట బస్సు హారను కొడుతుంటే నాన్న చీటీలు రెండూ జేబులో వేసుకుని ముందు నడిచాడు. కళ్లు తుడుచుకుని నేనూ వెనకాలే వెళ్లి ఎక్కాను.